స్టార్ట్ బాగుందంటే సరిపోదు, ఎంతో చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆదివారం ఫార్ములా వన్ రేసు చూడటం, సోమవారం పొద్దున్నే మీ స్పోర్ట్స్ పేజీలో మళ్లీ దాని గురించి చదవడం మా ఇంట్లో ఏళ్లుగా ఉన్న అలవాటు. ఒక్క మాట దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగిపోతాను. ‘ఫలానా డ్రైవర్ మెరుపులా స్టార్ట్ అందుకున్నాడు’ అని రాస్తారు. ఎంత మెరుపు? ఆ అంకె ఎక్కడా ఉండదు. టీవీలో కూడా రీప్లే పదిసార్లు వేస్తారు, రియాక్షన్ టైమ్ మాత్రం ఎప్పుడో ఒకసారి తప్ప చూపించరు.

ఐదు ఎర్ర లైట్లు సెకనుకొకటి చొప్పున వెలిగి, అన్నీ ఒకేసారి ఆరిపోతాయి, ఎప్పుడు ఆరతాయో డ్రైవర్‌కు ముందే తెలియకూడదని ఆ ఆఖరి వ్యవధిని ప్రతిసారీ మారుస్తారు. ఆరిన క్షణం నుంచి కారు కదిలేదాకా పట్టేదే రియాక్షన్ టైమ్, మంచి డ్రైవర్లకు అది సుమారు 0.2 నుంచి 0.3 సెకను. అందులో 0.1 తేడా ఏపాటిది అనుకుంటాం గానీ లెక్క వేసి చూడండి. రెండు కార్లూ ఒకేలా పికప్ అందుకున్నా, ఒకటి 0.1 సెకను ఆలస్యంగా కదిలితే, 200 కిలోమీటర్ల వేగం వచ్చేసరికి దాదాపు ఐదున్నర మీటర్లు వెనకబడిపోతుంది. అంటే ఒక కారు పొడవు! మొదటి మలుపులో లోపలి లైన్ ఎవరిదో అక్కడే తేలిపోతుంది.

అంకె బయటపెడితే గొడవ ఎలా తెగుతుందో 2017లో ఆస్ట్రియాలో చూశాం. డ్రైవర్ బొటాస్ లైట్లు ఆరకముందే కదిలాడని అతని ప్రత్యర్థి వెటెల్ గట్టిగా అన్నాడు, చూసిన మనకూ అలాగే అనిపించింది. బొటాస్ రియాక్షన్ 0.201 సెకను అని రేసుల నియంత్రణ సంస్థ ఎఫ్ఐఏ చెప్పింది, అది దొంగ స్టార్ట్ కాదు, గొప్ప స్టార్ట్ అని తేలింది. 2024లో సౌదీలో దీనికి తిరగబడింది కథ. లైట్లు ఆరకముందే డ్రైవర్ నోరిస్ కారు కదిలినట్టు వీడియోలో కనిపిస్తోందని రేసులో తప్పొప్పులు తేల్చే స్టీవార్డులే ఒప్పుకున్నారు, కానీ కారు కదలికను పసిగట్టే ట్రాన్స్‌పాండర్ అనే పరికరం జంప్ స్టార్ట్ చూపించలేదు కాబట్టి పెనాల్టీ లేదన్నారు. ఆ యంత్రం ఎంత కదలికను వదిలేస్తుందో చూసేవాళ్లకు తెలియకపోతే నమ్మకం ఎలా కుదురుతుంది?

పరుగు పందేల్లో ఈ పని ఎప్పటినుంచో జరుగుతోంది. 2009లో బెర్లిన్‌లో బోల్ట్ 100 మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తినప్పుడు రియాక్షన్ 0.146 అని ఫలితాల్లోనే ఉంది. స్టార్ట్ దగ్గర స్పష్టత ఎంత అవసరమో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీని అడగాలి. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల హర్డిల్స్ ఫైనల్లో చైనా అమ్మాయి ముందే కదిలితే జ్యోతిని కూడా పక్కన పెట్టబోయారు, రీప్లేలు చూసి, వాదించి, ఎంత టెన్షన్ తర్వాత ఆ రజతం చేతికొచ్చిందో మనందరం చూశాం.

ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. రియాక్షన్ వేరు, లాంచ్ (కారు వేగం అందుకోవడం) వేరు. డ్రైవర్ చెయ్యి చురుగ్గా కదిలినా, క్లచ్ సరిగా పట్టకపోతే, లేదా టైర్లు తిరుగుతూ జారిపోతే కారు వెనకే ఉండిపోతుంది, చూసేవాళ్లు ‘నిద్రపోయాడు’ అనేస్తారు. అందుకే రియాక్షన్ టైమ్, 100 కిలోమీటర్ల వేగానికి పట్టిన సమయం రెండూ పక్కపక్కన చూపించాలి. తిన్నటి ట్రాక్ మీద రెండేసి కార్లు పోటీపడే డ్రాగ్ రేసింగ్‌లో ఇలాగే విడదీసి చీటీ మీద ప్రింట్ చేసిస్తారు, పరుగుకు ఎక్కువ సమయం తీసుకున్న కారు కూడా మంచి రియాక్షన్ వల్ల గెలిచిన సందర్భాలు అందుకే అక్కడ అందరికీ అర్థమవుతాయి.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన కరెంటు కార్ల రేసు ఫార్ములా ఈ జరిగినప్పుడు మా పిల్లలు స్టార్ట్ కోసమే ఊపిరి బిగపట్టి కూర్చున్నారు. ‘ఎవరు ముందు కదిలారు నాన్నా’ అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

నిర్వాహకులు ఇచ్చిన చోటల్లా మీ ఫలితాల పట్టికలో డ్రైవర్ పేరు పక్కన ఆ ఒక్క అంకె కూడా వేయండి. ఇవ్వని చోట ఎందుకివ్వడం లేదో మీ రిపోర్టర్ చేత అడిగించండి.

ఇట్లు,
సికింద్రాబాద్ నుంచి మీ పాఠకుడు