లాగినప్పటి బలమా, నొక్కినప్పటి బలమా?

సంపాదకులకు నమస్కారం.

లోహపు పొడిని పొరలుగా పరిచి, లేజర్‌తో కరిగించి ప్రింట్ చేసిన మెగ్నీషియం భాగాల గురించి పత్రికల్లో వచ్చే సైన్స్ వార్తల్లో రెండు మాటలు తప్పకుండా ఉంటాయి: అల్యూమినియం కంటే మూడోవంతు తేలిక, పోతపోసిన ముక్క కంటే గట్టి. రెండూ అబద్ధాలు కావు. కానీ ఆ భాగం ఎటు వంగుతుంది, ఎక్కడ తెగుతుంది అన్న సంగతి మాత్రం ఎక్కడా కనపడదు. దాన్ని బిగించి వాడేవాళ్లకు కావలసింది అదే.

మెగ్నీషియం స్ఫటికం షడ్భుజాకారంలో ఉంటుంది. మామూలు ఉష్ణోగ్రతలో అది ప్రధానంగా ఒకే తలం మీద జారుతుంది, పేకకట్టలో ముక్కలు జారినట్టు. మిగతా తలాలు కదలాలంటే చాలా ఎక్కువ ఒత్తిడి కావాలి. వేడి 225 డిగ్రీల సెల్సియస్ దాటితేగానీ అవి తేలిగ్గా లొంగవు. మరి పేకకట్టను నిలువునా లాగితే? జారడానికి దారి లేక, స్ఫటికంలో కొంత మేర చటుక్కున 86 డిగ్రీలు ఒరిగిపోతుంది. దీన్ని ట్విన్నింగ్ అంటారు. దీనివల్ల దక్కే సాగుడు మహా అయితే ఆరున్నర శాతం. పైగా అది ఒకవైపు పనే: ఆ నిలువు అక్షం వెంట లాగితే వస్తుంది, నొక్కితే రాదు. అందుకే స్ఫటికాలు ఎక్కువగా ఒకే దిక్కుకు తిరిగి ఉన్న ముక్క లాగినప్పుడు ఒక బలం, నొక్కినప్పుడు ఇంకో బలం చూపిస్తుంది. ప్రింటింగ్‌లో పొర మీద పొర గడ్డకట్టేటప్పుడు ఇలాంటి మొగ్గు ఏర్పడవచ్చు. ఎంత అన్నది మిశ్రలోహాన్ని బట్టి, లేజర్‌ను నడిపిన తీరును బట్టి మారుతుంది. ఏ దిశలో తీశారో, లాగి తీశారో నొక్కి తీశారో చెప్పకుండా ఇచ్చిన బలం అంకెతో డిజైన్ చేసేవాడికి పెద్దగా పనిలేదు.

ఇది వంగడం సంగతి. పగులు మాత్రం చాలాసార్లు లోహం లోపల మిగిలిన ఖాళీ, అంటే గుల్ల దగ్గరే మొదలవుతుంది. మెగ్నీషియం 650 డిగ్రీల దగ్గర కరిగి, సుమారు 1,090 దగ్గరే మరుగుతుంది. అల్యూమినియం 660 దగ్గర కరిగినా 2,400 దాటేదాకా మరగదు. అంత ఇరుకు సందులో పని కాబట్టి లేజర్ కింద మెగ్నీషియం కరుగుతూనే ఆవిరవుతుంది. ఆ పొగ కిరణానికి అడ్డొస్తుంది. ప్రింటర్‌లో ఊదే ఆర్గాన్ వాయువు ప్రవాహం దాన్ని ఊడ్చుకుపోలేకపోతే కింది పొర పూర్తిగా కరగదు. ఒకే ప్లేట్ మీద ప్రింట్ చేసినా, వాయువు బయటికి పోయే వైపున్న శాంపిల్ తొందరగా తెగితే మొదట అనుమానించాల్సింది దీన్నే. అలాగని పవర్ పెంచేస్తే కరిగిన మడుగు లోతుగా తొలుచుకుపోయి అడుగున గుండ్రటి బుడగ మిగులుతుంది. తగ్గిస్తే పొరల మధ్య పలచటి, అంచులు పదునైన గుల్ల పడుతుంది. ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం. పొరలకు అడ్డంగా, అంటే ప్రింటింగ్ ఎత్తు వెంట లాగితే దాని నోరు తెరుచుకుంటుంది.

తెగిన ముఖాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితే దాచడానికేమీ ఉండదు. గరుకుగా చిరిగిన లోహం మధ్య ఒక నున్నటి మచ్చ, అందులో కరగని పొడి గింజలు గోలీల్లా కూర్చుని ఉంటాయి. అక్కడ అసలు అతుకే పడలేదన్నమాట. యిట్రియం అనే లోహం నాలుగు శాతం దాకా ఉండే డబ్ల్యూఈ43 లాంటి మిశ్రలోహంలో ఇంకో చిక్కుంది: పొడి గింజల మీది ఆక్సైడ్ పొర కరగకుండా రేకుల్లా భాగంలోనే ఉండిపోతుంది. పగులుకు అదీ ఒక ఆరంభమే.

"సాంద్రత 99.5 శాతం", అంటే గుల్లలు అర శాతమే, అని రాసి ఉంటే చాలామంది తృప్తిపడతారు. 5 మిల్లీమీటర్ల వ్యాసమున్న పరీక్ష కడ్డీలో 0.2 మిల్లీమీటర్ల గుల్ల ఉంటే అడ్డకోతలో పోయేది 0.16 శాతం. అదే గుల్ల 0.4 మిల్లీమీటర్ల జాలీ పుల్లలో పడితే పావు వంతు పోయినట్టే! శరీరంలో కరిగిపోయే ఇంప్లాంట్ల కోసం ప్రింట్ చేసేది సరిగ్గా అలాంటి జాలీలే. వాటిలో పుల్లలు కలిసే కూడలి దగ్గర ముందుగా చీలిక వస్తుంది. ఒక వరస కూలితే పక్క వరస మీద బరువు పడి, ఏటవాలు గీత వెంట జాలీ కుంగుతుంది. లావు కడ్డీ మీద తీసిన అంకె ఇక్కడ పనికిరాదు. పైగా అది మొదటి రోజు అంకె. ఒంట్లో ద్రవం తగిలాక పుల్ల రోజురోజుకీ సన్నబడుతుంది.

వేడి, వాయు పీడనం కలిపి గుల్లలు మూసే హిప్ పద్ధతి ఉంది కదా అనవచ్చు. లోపలి గుల్లలకు అది మంచి మందే. కానీ ఉపరితలానికి తెరిచి ఉన్న గుల్లలోకి ఆ వాయువే దూరుతుంది కాబట్టి అది మూసుకోదు. ఆక్సైడ్ రేకులు ఎక్కడివక్కడే ఉంటాయి. లోపల ఆర్గాన్ చిక్కుకుని ఉంటే తర్వాతి హీట్ ట్రీట్‌మెంట్‌లో గుల్ల మళ్లీ ఉబ్బవచ్చు.

కాబట్టి ఇలాంటి వార్త వేసేముందు పరిశోధకులను మూడు సంగతులు అడగమని మనవి. శాంపిళ్లను నిలువుగా, అడ్డంగా, 45 డిగ్రీల వాలులో ప్రింట్ చేసి పరీక్షించారా? లాగీ, నొక్కీ రెండు విధాలా చూశారా? ఉపరితలాన్ని లేత్ మీద నునుపు చేశారా, ప్రింట్ అయినట్టే ఉంచారా? నునుపు చేస్తే సగం అంటుకున్న పొడి గింజలూ వాటి మధ్య గాట్లూ పోయి అంకె అందంగా కనిపిస్తుంది. జాలీ లోపలి పుల్లలకు లేత్ అందదు.

ఇట్లు,
లోహ పరీక్షల పనిలో ఉన్న పాఠకులు