మే నెల నుయ్యి

అమలాపురం
ఆదివారం, పొద్దువాలాక

ఒరేయ్,

నీ ఉత్తరమొచ్చి నెల దాటింది. తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. ఇక్కడందరూ కులాసా. నాట్లు సగం అయ్యాయి, కొబ్బరి ధర గురించి అడక్కు. వార్తలు అయిపోయాయి.

అసలు సంగతి నీ ఇంగ్లీషు కాగితం. వరదల్లో లంకకొచ్చే చుట్టాల కోసం ‘యూ కెన్ వెల్ గెట్ డిఫికల్టీ టు క్రాస్’ అని రాశావు. మే నెల నుయ్యి మళ్లీ తవ్వావురా!

ఆ ‘వెల్’ నుయ్యి కాదు; ‘అయ్యేటట్టే ఉంది’ అనే అర్థంలో మే, మైట్, కుడ్ పక్కనే కుదురుతుంది, కెన్ పక్కన కాదు. ‘ఐ కెన్ వెల్ బిలీవ్’ అంటారుగానీ, అది నమ్మడం తేలికే అని చెప్పడం. ఒట్టి ‘మే బీ డిఫికల్ట్’ అంటే కష్టం కావచ్చు, కాకపోనూవచ్చు. ‘మే వెల్ బీ’ అన్నావో, కష్టమయ్యేటట్టే ఉంది, చూసుకుని రండి అని. మధ్యలో ‘యాజ్’ మాత్రం దూర్చకు. ‘మే యాజ్ వెల్ వెయిట్’ అంటే ‘ఇంకేం చేస్తాం, ఆగితే పోలా’ అని. సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు ఆపేసినప్పుడు పనికొచ్చే మాట అది.

‘గెట్’ కూడా తీసెయ్. మనకి కష్టం ‘వస్తుంది’ గనక నీ చేతికి అదొచ్చింది. ‘హావ్ డిఫికల్టీ క్రాసింగ్’ అను. ‘టు క్రాస్’ అనే తీరాలంటే ముందు ‘ఫైండ్ ఇట్ డిఫికల్ట్’ పెట్టు.

అనుమానం మోతాదుకి ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం లెక్క పట్టుకో. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక కదా, అక్కడ ‘మే వెల్ హావ్ ట్రబుల్’. 13.75కి ‘విల్ ప్రాబబ్లీ హావ్ ట్రబుల్’. 17.75 వచ్చిందా, ఇక ‘కాంట్ పాసిబ్లీ క్రాస్’. ఈ పాసిబ్లీ తమాషా చూడు. ‘కుడ్ పాసిబ్లీ’లో ‘ఏమో, ఏ మూలో’ అని నసుగుతుంది. కాంట్ పక్కకొచ్చేసరికి గేటు దించేస్తుంది!

రెండో పేరాలో ‘పర్‌హాప్స్ ఇట్ మే ప్రాబబ్లీ’ అన్నావు చూడు, అక్కడ నవ్వాగలేదు. మనం ‘బహుశా కష్టం కావచ్చేమో’ అని మూడు అనుమానాలు ఒక్క వాక్యంలో కుక్కినా ఎవరూ ఏమీ అనరు. ఇంగ్లీషులో కావిడి సరితూగాలి. ‘మే పాసిబ్లీ’లో రెండు వైపులా చెంబులే, ఫరవాలేదు. ‘మే ప్రాబబ్లీ’ అంటే ఓ వైపు చెంబు, ఓ వైపు నిండు బిందె.

చోటు కూడా ముఖ్యం. ‘విల్ ప్రాబబ్లీ రన్’లో నడుమ కూచున్న ప్రాబబ్లీ, వోంట్ వచ్చిందంటే ముందుకి జరుగుతుంది: ‘ప్రాబబ్లీ వోంట్ రన్’. వెల్ అయితే నాట్‌కి ముందే ఉంటుంది: ‘మే వెల్ నాట్ రన్’. అన్నట్టు ‘మే నాట్ బీ డిఫికల్ట్’ అంటే కష్టం కాకపోవచ్చు, ‘కాంట్ బీ’ అంటే కష్టమయ్యే ప్రసక్తే లేదు. ఇది తారుమారైతే మాత్రం చుట్టాలు నడి ఏట్లో నిన్ను తలుచుకుంటారు.

‘షుడ్’ గురించి ఓ ఠావు రాయాలి. ‘షుడ్ బీ ఈజీ’ బాగుంటుంది. అదే ‘ది క్రాసింగ్ షుడ్ బీ డిఫికల్ట్’ అన్నావనుకో, కష్టమైతే బాగుణ్ణని నువ్వు ఎదురుచూస్తున్నట్టు... ఎందుకంటే షుడ్ అనేది మనం కోరుకునే

ఇదిగో, మీ ఊరెళ్లే కుర్రాడు గుమ్మంలో చెప్పులేసుకుని నిలబడ్డాడు, బస్సు పోతుందట. మిగతాది తర్వాత. పూతరేకుల బాకీ గుర్తుందిగా, ఆయ్!

నీ
నసుగుడు మాస్టారు