రాత్రి లోడ్ సంగతి కూడా చూడండి

సంపాదకులకు,

ఎండలు ముదిరితే చాలు, మధ్యాహ్నం ఎన్ని డిగ్రీలన్నదే వార్త. కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైనవాణ్ణి. నాకు టెన్షన్ అంతా రాత్రి గురించే.

మా రోజుల్లో రాత్రి పదకొండు దాటితే లోడ్, అంటే జనమంతా వాడే కరెంటు, దిగిపోయేది. పగలంతా కాగిన ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ తెల్లారేలోపు చల్లబడేది. ఇప్పుడు రామంతాపూర్‌లో మా గల్లీలో తెల్లవారుజాము దాకా ఏసీలు ఆగవు, బయటి గాలీ చల్లబడదు. పైగా ప్రతి ఏసీ గదిలో వేడి తీసి ఆ ఇరుకు సందులోకే వదులుతుంది. వేడి మీద వేడి ఎక్కితే ట్రాన్స్‌ఫార్మర్ లోపల తీగల చుట్టూ ఉండే ఇన్సులేషన్ పొర పెళుసుబారి దాని ఆయుష్షు తగ్గిపోతుంది. మొన్న మేలో అర్ధరాత్రి ఫ్యూజ్ పోతే లైన్‌మన్ కుర్రాడు సెల్‌ఫోన్ నోట కరుచుకుని ఆ వెలుతురులో వైరు కట్టాడు. కాసేపటికే మళ్లీ పోయింది. చంటిపిల్లల్ని ఎత్తుకుని రోడ్డు మీదికొచ్చిన జనం అతన్నే తిట్టారు. పాపం, అతనేం చేస్తాడు?

2024 మే 30న దేశంలో డిమాండ్ 2.5 లక్షల మెగావాట్లకు చేరింది. అది పగటి మాట, సోలార్ కాస్త ఆదుకుంది. పొద్దుగుంకాక ఆ ఆసరా కూడా ఉండదు. చలి దేశాల్లో శీతాకాలం వెచ్చబడితే హీటర్ల ఖర్చన్నా తగ్గుతుంది, కొంతవరకు చెల్లుకు చెల్లు. హైదరాబాద్‌లో హీటర్లు పెట్టుకునేదెవరు? మనకు పెరగడమే తప్ప తగ్గేదేమీ లేదు.

ఏసీలు వాడొద్దని నేననను. ఈ ఉక్కలో ముసలివాళ్లు, పసిపిల్లలు అవి లేకుండా ఎలా ఉంటారు? కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర ఉండాలని 2020 నుంచి నిబంధన ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం కరెంటు ఆదా అని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. మనమేమో 18కి దించి దుప్పటి కప్పుకుంటాం.

అసలు గదిలోకి వేడి దిగేదే పైనుంచి. పగలంతా ఎండ తాగిన స్లాబ్ అర్ధరాత్రి దాటినా సెగలు కక్కుతూనే ఉంటుంది. మా డాబా మీద ఎండను తిప్పికొట్టే తెల్ల కూల్ పెయింట్ వేయించాక పై పోర్షన్‌లో అద్దెకుంటున్నవాళ్లు ఏసీ వేసే టైమే తగ్గింది. ఇలా పైకప్పులు వేడెక్కకుండా చూసేందుకు 2023లో తెలంగాణ తెచ్చిన కూల్ రూఫ్ విధానం మంచిదే. కానీ ఇళ్ల విషయంలో 600 గజాలు, ఆపైన స్థలం ఉన్నవాటికే తప్పనిసరి చేశారు. మా బస్తీల్లో అరవై, నూరు గజాల ఇళ్లే ఎక్కువ. ఉడికిపోయేదీ అక్కడే, రేకుల కింద. ఆ ఇళ్లకు ప్రభుత్వమే పెయింట్ వేయించాలి, లేదా ఇంటి పన్నులో తగ్గింపు ఇవ్వాలి. వేసవికి ముందు కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కడ పెట్టాలో తేల్చేటప్పుడు అధికారులు రాత్రి ఒంటిగంట లోడ్ కూడా కొలిచి చూడాలి.

- ఒక రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్, రామంతాపూర్, హైదరాబాద్