మార్పిడి వార్డుల్లో గేమ్ సెట్లు పెట్టండి

సంపాదకునికి,

ఎముక మజ్జ మార్పిడి అయిన పిల్లలు వారాల తరబడి వడకట్టిన గాలి ఉండే గదిలోనే గడపాలి. నోట్లో పుండ్లు, ఒకటే నీరసం. మంచానికే అతుక్కుపోతే కండ కరిగిపోతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరే ప్రమాదం ఉంటుంది. మా మేనల్లుడు ఫిజియోథెరపిస్టు రాగానే గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఊపిరి గట్టిగా పీల్చి బంతులు పైకి లేపే మూడు బంతుల స్పైరోమీటర్ ముట్టుకునేవాడే కాదు. టీవీకి తగిలించి చేతులూపుతూ ఆడే టెన్నిస్ గేమ్ తెచ్చాక సెలైన్ స్టాండు పక్కన నిలబడి మరీ ఆడాడు. ఓడిపోతే నర్సమ్మతో గొడవ!

ఇదేదో కాలక్షేపం అనుకోవద్దు. అమెరికాలో హోప్‌ల్యాబ్ సంస్థ 2006లో 'రీ-మిషన్' అనే గేమ్ విడుదల చేసింది. అందులో ఓ బుల్లి రోబో ఒంట్లో తిరుగుతూ క్యాన్సర్ కణాలను కాల్చేస్తుంది. 13 నుంచి 29 ఏళ్ల మధ్య ఉన్న 375 మంది క్యాన్సర్ రోగులపై జరిపిన పరిశోధన 2008లో 'పీడియాట్రిక్స్' పత్రికలో వచ్చింది. ఆ గేమ్ ఇచ్చినవారు మందులు మరింత క్రమంగా వేసుకున్నారని తేలింది. అది మార్పిడి రోగుల కోసమే చేసిన పరిశోధన కాదు, నిజమే. కానీ మార్పిడి తర్వాత నెలల పాటు మాత్రలు మింగించడం ఎంత టెన్షనో తల్లిదండ్రులను అడగండి.

రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు ఎగిరే ఆటలు కూడదు, అది డాక్టరే చెప్పాలి. రిమోట్‌ను ఆడిన ప్రతిసారీ స్పిరిట్‌తో తుడవాలి. ఈ జాగ్రత్తలతో మార్పిడి వార్డులన్నిటిలో, ముందుగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో, గేమ్ సెట్లు పెట్టించాలి. పుట్టినరోజులకు పండ్లు, బ్రెడ్డు పంచే దాతలు ఆ డబ్బు ఇటు మళ్లించినా చాలు. ఆ వార్డు పిల్లలకు బయటి తిండి ఎలాగూ పెట్టనివ్వరు.

- ఒక మేనమామ, ఖమ్మం