మా ఇంట్రానెట్‌కు పేరు కుదిర్చిన వాళ్లకు కృతజ్ఞతలు

ఒంగోలు ఆఫీసులోనూ చీమకుర్తి యార్డులోనూ ఇప్పుడు మా ఇంట్రానెట్‌లోని (కంపెనీ లోపలి సైటు) బ్లాకు రిజిస్టరు, గేటు పాసులు, లీవు ఫారాలు అన్నీ ఒకే పేరుతో తెరుచుకుంటున్నాయి. ఐపీ అడ్రసు కొట్టి, దాని వెనక 8080 తగిలించే పని ఇక లేదు. దారి చూపించిన నెల్లూరు అన్నకు, సర్టిఫికెట్ (సైటు అసలైనదేనని బ్రౌజరుకు చూపేది) సంగతి తేల్చిన కావలి తమ్ముడికి, ఫోన్లు పట్టుకుని యార్డంతా తిరిగి చూసిన సూపర్‌వైజర్లకు మా ఐటీ వాళ్లందరి తరఫున కృతజ్ఞతలు. పేర్లు వద్దన్నారు, రాయడం లేదు. వాళ్లు చెప్పిన విషయాలు మాత్రం రాస్తున్నాం. గ్రానైటు వాళ్లకైనా రొయ్యల ప్లాంటు వాళ్లకైనా పనికొస్తాయి.

అన్న ముందు పట్టుకున్నది పేరునే. చివర డాట్ లోకల్ అసలు వద్దన్నారు. డీఎన్ఎస్ అంటే పేరు చెబితే ఐపీ అడ్రసు ఇచ్చేది. డాట్ లోకల్ 2013 నుంచే మల్టీకాస్ట్ డీఎన్ఎస్‌కు, అంటే సర్వర్ లేకుండా మెషిన్లే ఒకదాన్నొకటి అడిగే పద్ధతికి, కేటాయించిన పేరు. ఐఫోన్లు, మ్యాక్‌లు ఆ పేరు చూడగానే మన డీఎన్ఎస్ సర్వర్‌ను వదిలేసి పక్కనున్న మెషిన్లను అడుగుతాయి. డాట్ ఇంటర్నల్‌ను 2024లో ఐకాన్ (ఇంటర్నెట్ పేర్లను చూసే సంస్థ) ప్రైవేటు వాడకానికి వదిలిపెట్టింది, తప్పేం లేదు. కాకపోతే దానికి బయటి సంస్థలు సర్టిఫికెట్ ఇవ్వవు. మనమే రూట్ సర్టిఫికెట్ (మిగతావాటిని నమ్మించే మూల సర్టిఫికెట్) తయారుచేసి ప్రతి ఫోన్లోనూ ఎక్కించాలి. యార్డులో ఎవరి ఫోన్ వాళ్లదే, అది జరిగే పని కాదు. కంపెనీ డొమైన్ ఎలాగూ ఉంది గదా, దాని ముందు 'ఇన్' చేర్చి సబ్‌డొమైన్ పెట్టుకోమన్నారు. పైసా ఖర్చు లేదు.

లోపలి డీఎన్ఎస్‌కు ఒక పాత డెస్క్‌టాప్ మీద డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రాం సరిపోయింది. ఆ సబ్‌డొమైన్‌ను 192.168.10.5కి చూపించే లైను ఒక్కటి, అంతే. ఇక్కడ జాగ్రత్త: మొత్తం కంపెనీ డొమైన్‌ను లోపలి జోన్‌గా (అందులోని పేర్లన్నిటికీ మన డీఎన్ఎసే జవాబు చెప్పేలా) పెట్టేస్తే, బయటి వెబ్‌సైటు, మెయిలు రికార్డులన్నీ అందులోనూ మళ్లీ రాయాలి. లేకపోతే ఆఫీసులో కూర్చున్నవాళ్లకు మన వెబ్‌సైటే తెరుచుకోదు.

అందరూ ఇబ్బంది పడేది డీహెచ్‌సీపీ దగ్గర, అంటే ఏ డీఎన్ఎస్‌ను అడగాలో మెషిన్లకు చెప్పే సెట్టింగు దగ్గర. మొదటి డీఎన్ఎస్ మనది, రెండోది 8.8.8.8 (గూగుల్ వాళ్లది) అని పెట్టడం మామూలు అలవాటు. ఇలా పెడితే సైటు ఒకసారి వస్తుంది, ఇంకోసారి రాదు. మొదటిది కాస్త ఆలస్యం చేసినా మెషిన్ రెండోదాన్ని అడుగుతుంది. అది 'ఆ పేరే లేదు' అంటుంది. లేదనడం కూడా జవాబే కాబట్టి మెషిన్ మళ్లీ మొదటిదాన్ని అడగదు. అందుకే రెండూ లోపలివే ఉండాలి. మా రెండోది చీమకుర్తిలో పెట్టాం.

ఫోన్ల సంగతి సూపర్‌వైజర్ల వల్లే బయటపడింది. పక్కపక్కన నిలబడి, ఒకే వైఫైలో, ఒక ఫోన్లో సైటు వస్తోంది, ఇంకో ఫోన్లో లేదు. రానిదాంట్లో ఆండ్రాయిడ్ ప్రైవేట్ డీఎన్ఎస్ కింద ఎప్పుడో పెట్టుకున్న యాడ్ బ్లాకర్ అడ్రసు ఉంది. దాన్ని ఆటోమేటిక్‌కి మార్చగానే వచ్చేసింది. క్రోమ్‌లో సెక్యూర్ డీఎన్ఎస్ కింద వేరే కంపెనీని ఎంచుకున్నా ఇదే గోల.

సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థది, ఉచితం. డొమైన్ మనదేనని తేల్చుకోడానికి మామూలు పద్ధతిలో వాళ్లు 80 పోర్టు మీద మన సర్వర్‌కు వచ్చి చూడాలి, లోపలి సర్వర్ బయటికి కనిపించదు గదా. కాబట్టి డీఎన్ఎస్ పద్ధతి: బయటి డీఎన్ఎస్‌లో వాళ్లిచ్చిన కోడుతో ఒక టీఎక్స్‌టీ (టెక్స్ట్) రికార్డు పెడితే చాలు. మా సర్టిఫికెట్ 90 రోజులదే, అందుకని రెన్యువల్‌ను స్క్రిప్టుకు అప్పగించాలి. ఇచ్చిన ప్రతి పేరూ పబ్లిక్ లాగ్‌లో పడుతుంది కాబట్టి 'జీతాలు' లాంటి పేర్లు కనిపించకుండా తమ్ముడు వైల్డ్‌కార్డ్ (సబ్‌డొమైన్ కింది పేర్లన్నిటికీ కలిపి ఒకే సర్టిఫికెట్) తీయించాడు.

ఇంత చేశాక కూడా యార్డులో ఒక మెషిన్ 'సురక్షితం కాదు' అంటూనే ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దాని తేదీ ఏళ్ల వెనక్కి పోతోంది, ఆ తేదీకి సర్టిఫికెట్ ఇంకా చెల్లదు. మదర్‌బోర్డు మీది 2032 సెల్ మార్చాక సరిపోయింది.

మా కాన్ఫిగ్ ఫైళ్లు కావాలంటే పాస్‌వర్డులు తీసేసి ఇస్తాం, అడగండి.