పనిముట్ల తుప్పుకు ఉప్పు, నిమ్మరసం మందు కాదు

సంపాదకులకు నమస్కారం.

తుప్పు పట్టిన ఉక్కు వస్తువులకు ఉప్పు కలిపిన నిమ్మరసం పూసి రాత్రంతా ఉంచాలనీ, పొద్దున తుడిచి కొబ్బరినూనె రాస్తే మళ్లీ తుప్పు రాదనీ కిందటి వారం మీ ఇంటి చిట్కాల శీర్షికలో రాశారు. తిరుపతిలో ఇరవై రెండేళ్లుగా తాళాలు, మా వైపు మాటలో బీగాలు, బాగుచేసి బతుకుతున్నవాడిని నేను. ఈ సలహాలో కొంత నిజం ఉన్నా, సన్నని పనిముట్ల విషయంలో అది చేటే చేస్తుందని చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. మా వీధిలో కుట్టుమిషన్లు బాగుచేసే ఒకాయన ఆ చిట్కా చదివి తన చిన్న స్క్రూడ్రైవర్లన్నిటినీ అప్పుడే నిమ్మరసంలో వేసేశారు.

మా పనిలో అన్నిటికన్నా సున్నితమైనవి పిక్కులు, అంటే తాళంచెవి పోయినప్పుడు బీగాన్ని పగలగొట్టకుండా తీయడానికి వాడే ఉక్కు పుల్లలు. నా దగ్గరున్నవి చాలావరకు పాత హాక్సా బ్లేడ్లను సానపట్టి చేసుకున్నవే. వాటి మందం 0.6 మిల్లీమీటర్లకు మించదు. గడ్డపార మీద 0.1 మిల్లీమీటరు లోతున తుప్పు గుంట పడితే దానికి లెక్కే లేదు. అదే గుంట పిక్కు మీద పడితే మందంలో ఆరోవంతు పోయినట్టే, పైగా పిక్కు వంగినప్పుడల్లా ఒత్తిడంతా ఆ గుంట మీదే పడుతుంది.

2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి తిరుపతి వీధులు నీట మునిగినప్పుడు నా పనిముట్లకు వాననీరు తగలలేదు కానీ, వాటిని చుట్టి పెట్టిన గుడ్డ సంచి నాలుగు రోజులు చెమ్మను పీల్చింది. విప్పి చూస్తే ఒక పిక్కు మెడ దగ్గర, రోజూ చెమట వేళ్లు ఆనే చోట, దారం పోగంత ఎర్రని గీత కనిపించింది. ఎవరో చెప్పగా నేను కూడా అప్పుడు ఉప్పూ నిమ్మరసమే పూశాను. ఎరుపు పోయి పిక్కు తళతళలాడింది. మూడో రోజున ఒకరి ఇంట్లో బీరువా బీగం తీస్తుండగా అది సరిగ్గా ఆ గీత దగ్గరే పుటుక్కున విరిగి, వడ్లగింజంత ముక్క బీగం లోపల ఉండిపోయింది. పెళ్లికి బయలుదేరవలసిన ఆ ఇంటివాళ్లు గంటన్నర సేపు నా వెనకే నిలబడి ఎదురుచూశారు. ఆ గంటన్నర నాకు ఇప్పటికీ గుర్తే.

నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం తుప్పును కరిగిస్తుందన్న మాట నిజమే. కానీ రాత్రంతా ఉంచితే తుప్పుతో ఆగక దాని కింది మంచి ఉక్కును కూడా తింటుంది. ఉప్పు అంతకన్నా చెడ్డది. అందులోని క్లోరైడు తుప్పు గుంటల్లో చేరి, పైపైన తుడిస్తే పోక, గాలిలోని చెమ్మతో కలిసి అక్కడే కొత్త తుప్పును మొదలుపెడుతుంది. దీనికి తోడు, బాగా గట్టిపరచిన ఉక్కును ఆమ్లంలో ఉంచినప్పుడు పుట్టే హైడ్రోజన్ లోపలికి చొరబడి దాన్ని పెళుసుగా మార్చగలదు. గట్టి ఉక్కుకు కరెంటుతో జింకు పూత వేసే మంచి కర్మాగారాల్లో, వస్తువును వెంటనే 200 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటుగా కొన్ని గంటలు కాచి ఆ హైడ్రోజన్‌ను వెళ్లగొట్టేది ఇందుకే. అలా కాస్తారో లేదో అడిగి తెలుసుకోకుండా పిక్కులకు మెరిసే పూత వేయించవద్దని ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను.

నల్లపూత, అంటే బ్లాక్ ఆక్సైడ్, మందాన్ని దాదాపు పెంచదు కాబట్టి పిక్కులకు సరిపోతుంది. అయితే ఆ నలుపు తనంతట తాను తుప్పును పెద్దగా ఆపదు. నూనెను పట్టి ఉంచుతుంది, కాపాడేది ఆ నూనే. గ్యాసు పొయ్యి మీద కాచి నీలిరంగు తెప్పించడం కూడా కొందరికి సరదా. 300 డిగ్రీల దగ్గర వచ్చే ఆ రంగు చూడముచ్చటగా ఉన్నా ఆ పొర చాలా పలుచన, వేడి ఇంకా పెరిగితే ఉక్కు మెత్తబడి పిక్కు వంగినచోటే ఉండిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కొనుక్కుంటే ఈ బాధే లేదనుకోవడం కూడా పొరపాటు. క్రోమియం కనీసం 10.5 శాతం ఉన్నందువల్ల దాని మీద ఏర్పడే కంటికి కనిపించని పొరే దానికి రక్ష, చెమటలోని ఉప్పు ఆ పొరను కూడా అక్కడక్కడ ఛేదిస్తుంది. దాన్ని మామూలు ఇనుప పీచుతో తోమితే, అంటుకున్న ఇనుప రేణువులు తుప్పుపట్టి స్టెయిన్‌లెస్ మీదే మచ్చలు పడతాయి.

పైపై తుప్పుకు నేను ఇప్పుడు వాడుతున్నది సన్నరకం ఎమెరీ కాగితం, రెండు చుక్కల కుట్టుమిషను నూనె. అడ్డంగా కాకుండా పిక్కు పొడవునే రుద్దాలి, ఎందుకంటే అడ్డగీతలు కూడా పిక్కు విరగడానికి దారితీస్తాయి. గుంట వేలిగోటికి తగిలేంత లోతుంటే ఆ పిక్కును పారేయడమే మేలు. పని ముగిశాక చెమటను పొడిగుడ్డతో తుడిచి, నూనె ఉందో లేదో తెలియనంత పలుచగా రాసి పెట్టాలి. తోలు సంచిలో మాత్రం పెట్టకూడదు, పచ్చితోలును పదును చేసేటప్పుడు వాడిన లవణాలు అందులో మిగిలి ఉంటాయి. వానాకాలంలో ఎక్కువ రోజులు వాడకుండా ఉంచాలంటే వాజిలిన్ పూసి మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టవచ్చు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది, ధనుర్మాసంలో మన ఊళ్లో తెల్లవారుజామున సీసాలో గడ్డకట్టడం అందరూ చూసేదే. పాతబడితే జిగురై దుమ్మును పట్టుకుంటుంది. బిగుసుకుపోయిందని నా దగ్గరికి తెచ్చే ఇంటి బీగాల్లో ఎన్నింటినో విప్పితే లోపల కనిపించేది ఆ జిగురే.

మీ చిట్కాను ఇప్పటికే పాటించినవారు పనిముట్లను వెంటనే మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, వంటసోడా కలిపిన నీళ్లలో కొద్దిసేపు ముంచి, మళ్లీ కడిగి, ఆలస్యం చేయకుండా పూర్తిగా ఆరబెట్టి మిషను నూనె రాయాలి. ఈ సవరణను దయచేసి అదే శీర్షికలో, చిట్కాను వేసినంత పెద్ద అక్షరాలతోనే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక బీగాల మరమ్మతుదారు,
తిరుపతి