పీవీ గురించి రాసేటప్పుడు తేదీలు కూడా చూడాలి

సంపాదకులకు,

అయోధ్యలో జరిగింది సహించలేకే అర్జున్‌సింగ్, ఎన్‌.డి.తివారీ వంటి పెద్దలు పీవీ నరసింహారావును వదిలి వెళ్లారని మీ ఆదివారం వ్యాసకర్త రాశారు. తేదీలు చూస్తే ఆ మాట నిలవదు. బాబ్రీ మసీదు కూలింది 1992 డిసెంబర్ 6న. అర్జున్‌సింగ్ కేంద్ర మంత్రి పదవికి రాజీనామా ఇచ్చింది 1994 డిసెంబర్ 24న. మధ్యలో రెండేళ్ల పద్దెనిమిది రోజులు ఆయన మానవ వనరుల శాఖ చూస్తూనే ఉన్నారు. అసమ్మతి తెలిపారు, లేఖలు రాశారు, కాదనను. కుర్చీ మాత్రం వదల్లేదు.

మరి 1994 డిసెంబర్‌లో కొత్తగా ఏం జరిగింది? ఎన్నికల ఫలితాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 294 స్థానాల్లో కాంగ్రెస్‌కు దక్కినవి 26. కర్ణాటకలో 224కు 34. ప్రధాని సొంత రాష్ట్రంలోనే పార్టీ తుడిచిపెట్టుకుపోయింది. చెరువు నిండితే కప్పలు చేరతాయంటారు. ఎండినప్పుడు అవి ఏం చేస్తాయో ఆ నెలలో ఢిల్లీలో కనిపించింది. 1995 ఫిబ్రవరిలో అర్జున్‌సింగ్‌ను పార్టీ బహిష్కరించింది. మే నెలలో తివారీ పేరుతో వేరే కాంగ్రెస్ పుట్టింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో దానికి వచ్చినవి 4 సీట్లు. తివారీ నైనిటాల్‌లో గెలిచారు, అర్జున్‌సింగ్ సత్నాలో ఓడారు. పీవీ పార్టీ అధ్యక్ష పదవి నుంచి దిగిపోయాక ఇద్దరూ పాత గూటికే చేరారు. తర్వాత ఒకరు మన్మోహన్ మంత్రివర్గంలో అదే మానవ వనరుల శాఖకు వచ్చారు, ఇంకొకరు మన రాజ్‌భవన్‌కే గవర్నరుగా వచ్చారు. పీవీ ఆర్థిక విధానాలు పేదల కొంప ముంచాయన్న వారికి, ఆ విధానాలను బడ్జెట్‌గా చదివిన మనిషి కింద పనిచేయడానికి ఇబ్బంది కలగలేదు.

తమిళనాడు కాంగ్రెస్ నేత మూపనార్ సంగతి వేరు. 1996లో తమిళనాడులో కార్యకర్తలంతా వద్దంటున్నా అన్నాడీఎంకేతో పొత్తు పెట్టుకోవడం పీవీ చేసిన తప్పే. మూపనార్ బయటికొచ్చి పెట్టిన తమిళ మానిల కాంగ్రెస్ 20 లోక్‌సభ సీట్లు గెలిచింది, కాంగ్రెస్‌కు అక్కడ ఒక్కటీ రాలేదు. వెళ్లినవాళ్లందరినీ ఒకే గాటన కట్టకూడదనే ఇది చెప్పడం.

ఇక పీవీపై ‘నిర్ణయం తీసుకోలేని మౌని’ అన్న ముద్ర. 1991 జూన్ 21న ప్రమాణం చేసేనాటికి సభలో మెజారిటీ లేదు, ఖజానాలో ఉన్న విదేశీ మారకం దాదాపు రెండు వారాల దిగుమతులకు సరిపడేంత. జులై 1న, మళ్లీ 3న రూపాయి విలువ తగ్గించారు. డాలరు సుమారు 21 రూపాయల నుంచి 26కు చేరింది. దాదాపు 47 టన్నుల బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు, బ్యాంక్ ఆఫ్ జపాన్‌కు తాకట్టు పెట్టి 40 కోట్ల డాలర్లు తెచ్చారు. రెండో విడత విలువ తగ్గింపు ముందు పీవీ వెనకాడిన మాట నిజం. ఆపమని కబురు వెళ్లేసరికే రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు రంగరాజన్ ప్రకటన చేసేశారు. అయితే ఆ తర్వాత పార్లమెంటులో తిట్లు పడుతుంటే ఆ భారాన్ని ఆర్థిక మంత్రి మీదకు నెట్టలేదు.

సంస్కరణలన్నీ మన్మోహన్‌వే అనేవారు జులై 24 మధ్యాహ్నాన్ని మరిచిపోతారు. పరిశ్రమల శాఖ పీవీ తన దగ్గరే ఉంచుకున్నారు. కొత్త పారిశ్రామిక విధానం ముసాయిదా మీద మంత్రివర్గంలో సీనియర్లు గొణిగితే, లోపలి సరుకు మార్చలేదు. ముందు నెహ్రూ, ఇందిర, రాజీవ్ పేర్లతో పొడుగాటి ఉపోద్ఘాతం చేర్పించారు. దాన్ని చదివి పెద్దలు తలూపారు. మధ్యాహ్నం సహాయ మంత్రి పి.జె.కురియన్ దాన్ని సభ ముందు పెట్టారు, సాయంత్రం బడ్జెట్. మర్నాడు పతాక శీర్షికలన్నీ బడ్జెట్‌కే పోయాయి. ఆ కాగితంలో ఉన్నదేమిటంటే, 18 పరిశ్రమలు మినహా లైసెన్సు రద్దు, 34 పరిశ్రమల్లో 51 శాతం దాకా విదేశీ పెట్టుబడికి తక్షణ అనుమతి, 100 కోట్ల ఆస్తి దాటిన కంపెనీలపై ఎంఆర్‌టీపీ (గుత్తాధిపత్య నియంత్రణ చట్టం) ఆంక్ష ఎత్తివేత. మాట్లాడకపోవడం ఇక్కడ పద్ధతి. మైకు ముందు చెప్పి ఉంటే సొంత పార్టీయే అడ్డం పడేది. ఎరువుల ధర అలాగే అయింది: బడ్జెట్‌లో బాహాటంగా 40 శాతం పెంచితే పార్టీ ఎంపీలే గోల చేశారు, 30కి దించి చిన్న, సన్నకారు రైతులను మినహాయించాల్సి వచ్చింది.

అయోధ్య విషయంలో ఆయన్ను పూర్తిగా కడిగేయను. హోంశాఖ కార్యదర్శి గాడ్బోలే వద్ద రాష్ట్రపతి పాలనకు ప్రణాళిక సిద్ధంగా ఉంది, పీవీ వాడలేదు. కానీ ఉత్తరప్రదేశ్‌లోని కళ్యాణ్‌సింగ్ ప్రభుత్వం మసీదుకు హాని కలగనివ్వమని సుప్రీంకోర్టుకే హామీ ఇచ్చింది, కోర్టు ఆ హామీని స్వీకరించి పరిశీలకుణ్ని పంపింది. ఉత్తరప్రదేశ్ గవర్నరు, మన బి.సత్యనారాయణరెడ్డి, ప్రభుత్వాన్ని రద్దు చేయొద్దనే రాశారు. మోసపోయిన తప్పు పీవీదే అయినా, ఆ హామీని నమ్మినవాళ్లలో ఆయన ఒక్కరే లేరని వ్యాసంలో ఒక వాక్యమైనా ఉండాల్సింది.

చివరగా, సవరణ వేయాల్సిన పొరపాటు ఒకటుంది. జార్ఖండ్ ముక్తి మోర్చా ముడుపుల కేసులో పీవీ ‘పార్లమెంటు సభ్యుల రక్షణ చాటున’ బయటపడ్డారని రాశారు. అది తప్పు. 1993 జులై 28న పీవీ ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానానికి అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 ఓట్లు పడ్డాయి. మోర్చా ఎంపీలు నలుగురు. ఆ నాలుగూ అటు పడినా 255–261. జనతాదళ్‌లోని అజిత్‌సింగ్ వర్గం నుంచి వచ్చిన ఓట్లు కూడా కలిస్తేనే లెక్క తారుమారయ్యేది. ఓట్లు కొన్నారన్న ఆరోపణ తీవ్రమైనదే, ఈ లెక్క చెప్పి దాన్ని తేలిక చేయడం లేదు. అయితే 1998 సుప్రీంకోర్టు తీర్పు కాపాడింది, లంచం తీసుకుని సభలో ఓటేశారన్న సభ్యులను. ఇచ్చారన్న వారికి ఆ రక్షణ లేదని అదే తీర్పు చెప్పింది. అందుకే పీవీపై విచారణ సాగింది, 2000లో ప్రత్యేక కోర్టు మూడేళ్ల శిక్ష వేసింది. 2002లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది, అప్రూవరుగా మారిన ఎంపీ సాక్ష్యం నమ్మదగ్గది కాదని. 2024 మార్చిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1998 తీర్పును పక్కన పెట్టినా ఆ నిర్దోషిత్వం మారలేదు. వచ్చే సంచికలో, వ్యాసం వచ్చిన పేజీలోనే, ఈ సవరణ వేయగలరు.

ఒక పాఠకుడు,
హన్మకొండ